విజిటర్ల లెక్కలకు ఫైలా, డేటాబేసా, బయటి సర్వీసా? ముందు చిట్టాను, ఆవర్జాను విడదీయండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ. పీహెచ్‌పీ, మైఎస్‌క్యూఎల్ మీద నడిచే సైటు, రోజుకు దాదాపు 40,000 పేజీ వ్యూలు. పేజీ తెరిచిన ప్రతిసారీ విజిట్స్ అనే టేబుల్‌లో ఒక రికార్డు పడుతోంది: ఐపీ, యూఆర్ఎల్, రెఫరర్ (ఎక్కడినుంచి వచ్చారో), యూజర్ ఏజెంట్ (ఏ బ్రౌజరో), టైమ్. ఎనిమిది నెలలకు అది కోటి రికార్డులకు దగ్గర పడింది, అడ్మిన్‌లో లెక్కల పేజీ నొక్కితే చక్రం తిరుగుతూనే ఉంటోంది. ఇప్పుడు దీన్ని టెక్స్ట్ ఫైల్‌లోకి మార్చాలా, వేరే డేటాబేస్ చూసుకోవాలా, లేక గూగుల్ అనలిటిక్స్ పెట్టేసి ఈ గోల వదిలించుకోవాలా అని అడుగుతున్నారు. పాత డేటా ఎంతకాలం ఉంచాలన్నది రెండో ప్రశ్న.

ముందు ఒక చిన్న లెక్క వేద్దాం. రోజుకు 86,400 సెకన్లు, అంటే 40,000 వ్యూలు రెండు సెకన్లకు ఒకటి చొప్పున వస్తున్నట్టు. రద్దీ వేళ పదింతలు అనుకున్నా సెకనుకు ఐదు. ఈపాటి రాతను మైఎస్‌క్యూఎల్ లెక్కే చేయదు. డేటాబేస్‌లోకి రాస్తే సర్వర్ కుదేలవుతుందని చాలామంది భయపెడతారు గానీ మీ సైజులో అది నిజం కాదు, మీ ఇబ్బంది అంతా చదవడం దగ్గరే. నిన్న ఎంతమంది వచ్చారో తెలుసుకోవడానికి కోటి రికార్డులు తిరగేసే పద్ధతి పెట్టుకున్నారు, అదీ పేజీ తెరిచిన ప్రతిసారీ మొదటి నుంచి. ఆరు నెలల కిందటి ఒక మంగళవారం నాటి సంఖ్య ఇక ఎప్పటికీ మారేది కాదు కదా, దాన్ని రోజూ మళ్లీ మళ్లీ లెక్కపెట్టడం ఎందుకు?

పాతకాలం లెక్కల్లో చిట్టా, ఆవర్జా అని రెండు పుస్తకాలు ఉండేవి. జరిగింది జరిగినట్టు వరసగా రాసుకునేది చిట్టా, దాంట్లోంచి పద్దుల వారీగా తీసి ఎక్కించుకునేది ఆవర్జా. వెబ్ లెక్కలకు కూడా అచ్చంగా ఇదే కావాలి. మీరు చిట్టా ఒక్కటే పెట్టుకుని దాన్నే ఆవర్జాలా వాడుతున్నారు, ఫైలా డేటాబేసా అన్న ప్రశ్న దీని తర్వాతి మాట.

చిట్టా విషయానికొస్తే, మీకు తెలియకుండానే ఒకటి ఇప్పటికే తయారవుతోంది. మీ వెబ్ సర్వర్ అపాచీ అయినా ఇంజినెక్స్ అయినా వచ్చిన ప్రతి రిక్వెస్ట్‌నూ యాక్సెస్ లాగ్‌లో ఒక లైనుగా రాస్తుంది. కంబైన్డ్ ఫార్మాట్ అంటే వరసగా ఇలా ఉంటుంది: 203.0.113.7 లాంటి ఐపీ, తర్వాత రెండు గీతలు (అవి దాదాపు ఎప్పుడూ ఖాళీయే), తేదీ, టైమ్, టైమ్‌జోన్, కొటేషన్లలో అడిగిన పేజీ, పేజీ ఇచ్చామో లేదో చెప్పే 200 లాంటి స్టేటస్ కోడ్, ఎన్ని బైట్లు పంపామో, ఎక్కడినుంచి వచ్చారో చెప్పే రెఫరర్, చివర్లో ఇంత పొడుగు యూజర్ ఏజెంట్. మీ టేబుల్‌లో ఉన్నదంతా ఇందులో ఉంది, పైగా స్టేటస్ కోడ్ అదనం. లైను సుమారు 200 నుంచి 250 బైట్లు. 40,000 లైన్లంటే రోజుకు 10 ఎంబీ, అంతే.

కాకపోతే ఇక్కడో మెలిక ఉంది. పేజీతో పాటు బొమ్మలు, సీఎస్ఎస్, జావాస్క్రిప్ట్ కూడా విడివిడి లైన్లుగా పడతాయి. పేజీకి ఇరవై ఫైళ్లు అనుకుంటే రోజుకు ఎనిమిది లక్షల లైన్లు, దగ్గర దగ్గర 180 ఎంబీ. అందుకని స్టాటిక్ ఫైళ్లకు లాగింగ్ ఆపేయండి లేదా వేరే ఫైల్‌లోకి మళ్లించండి. పాత రోజుల ఫైళ్లను జీజిప్‌తో కుదిస్తే చాలా చిన్నవైపోతాయి, ఒకే మాటలు వేలసార్లు తిరిగొచ్చే టెక్స్ట్ కదా, పదో వంతుకు దిగడం మామూలే.

లాగ్‌రొటేట్ (పాత లాగ్ ఫైళ్లను ఎప్పటికప్పుడు పక్కకు తీసే ప్రోగ్రామ్) సరిగ్గా తిరుగుతోందో లేదో మాత్రం మీ కళ్లతో చూసుకోండి. ఒకప్పుడు నేను చూసుకునే సైటులో ఆ కాన్ఫిగ్‌లో ఫోల్డర్ పేరు ఒక్క అక్షరం తప్పు పడింది, నెలల తరబడి ఎవరమూ గమనించలేదు. ఒక రాత్రి డిస్క్ నిండిపోయింది, మైఎస్‌క్యూఎల్ రాయడానికి చోటు లేక ఆగిపోయింది, సైటు మొత్తం పడుకుంది. నిద్రమత్తులో లాగిన్ అయి ఆ కొండంత లాగ్ ఫైల్‌ను డిలీట్ చేశాను. చూస్తే ఖాళీ ఒక్క ఎంబీ కూడా పెరగలేదు! పది నిమిషాలు టెన్షన్‌తో కొట్టుకున్నాక వెలిగింది: ఫైల్ పేరు పోయింది గానీ వెబ్ సర్వర్ ప్రాసెస్ దాన్ని ఇంకా తెరిచి పట్టుకునే ఉంది, అది వదిలేదాకా లైనక్స్ ఆ చోటు తిరిగివ్వదు. సర్వర్‌ను రీలోడ్ చేయగానే వచ్చేసింది. అప్పటినుంచి లాగ్‌లు, డేటాబేస్ ఒకే పార్టిషన్‌లో పెట్టను.

సర్వర్ లాగ్ చాలని సందర్భాలు కూడా ఉన్నాయి. ముందు క్లౌడ్‌ఫ్లేర్ లాంటి సీడీఎన్ (మీ సర్వర్‌కు, చదివేవాళ్లకు మధ్య నిలబడే సర్వీసు) ఉండి, అది పేజీలను కూడా క్యాష్ చేస్తుంటే (తన దగ్గర దాచిన కాపీలు ఇస్తుంటే) ఆ రిక్వెస్ట్‌లు మీదాకా రావు, వచ్చినవాటిలో ఐపీ కూడా సీడీఎన్‌దే పడుతుంది. రెండోదానికి మందు తేలికే: ఎక్స్-ఫార్వర్డెడ్-ఫర్ హెడర్ నుంచి అసలు ఐపీ తీసుకోమని సర్వర్‌కు చెప్పాలి, అయితే ఆ హెడర్ సీడీఎన్ ఐపీల నుంచి వస్తేనే నమ్మాలి, లేదంటే ఎవడైనా తనకు నచ్చిన ఐపీ రాసి పంపుతాడు. మొదటిదానికి బ్రౌజర్ నుంచే కబురు రావాలి. పేజీలో నాలుగు లైన్ల జావాస్క్రిప్ట్ పెట్టి సెండ్‌బీకన్ అనే బ్రౌజర్ ఫంక్షన్‌తో ఒక చిన్న పీహెచ్‌పీ ఫైల్‌కు యూఆర్ఎల్, రెఫరర్ పంపించండి, అది ఒక లైను రాసుకుని 204 (పంపేదేమీ లేదు) అని జవాబిచ్చి ఊరుకుంటుంది. షేర్డ్ హోస్టింగ్‌లో ఉండి అసలు లాగ్‌లే చేతికి రాకపోతే కూడా ఇదే దారి. ఆ లైనును ఫైల్‌లో రాస్తారో మీ ఇప్పటి టేబుల్‌లోనే రాస్తారో మీ ఇష్టం, మీ ట్రాఫిక్‌కు రెండూ ఒకటే. ఫైలైతే అపెండ్ మోడ్‌లో లాక్ పెట్టి రాయండి, వెబ్ ఫోల్డర్ లోపల మాత్రం పెట్టకండి, పేరు ఊహించినవాడు డౌన్‌లోడ్ చేసుకుపోతాడు.

ఒక్క పని మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ చేయకండి: ఆర్టికల్స్ టేబుల్‌లోనే వ్యూస్ అని ఒక కాలమ్ పెట్టి ప్రతి వ్యూకూ ఒకటి కలుపుతూ పోవడం. ఒకే ఆర్టికల్ వైరల్ అయితే అందరూ ఒకే రో మీద లాక్ కోసం క్యూ కడతారు. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో అయితే ప్రతి అప్‌డేట్‌కూ ఆ రోకి కొత్త కాపీ పుడుతుంది, చచ్చిన కాపీలను వ్యాక్యూమ్ ఊడ్చుకుంటూ ఉండాలి. ఇవి ట్రాఫిక్ పెరిగితే వచ్చే బాధలు. ట్రాఫిక్ లేకపోయినా వచ్చేది ఒకటుంది, నేను అనుభవించాను. టేబుల్‌లో అప్‌డేటెడ్ టైమ్ కాలమ్ దానంతటదే మారేలా పెట్టి ఉంది, సైట్‌మ్యాప్ (సెర్చ్ ఇంజిన్లకు ఇచ్చే పేజీల జాబితా) ఆ కాలమ్ నుంచే తేదీ తీసుకుంటుంది. ఎవరో వచ్చి చదివిన ప్రతి ఆర్టికలూ ఆ క్షణాన "మార్చబడింది" అని సెర్చ్ ఇంజిన్లకు చెప్పుకుంటూ పోయాం. ఐదేళ్ల కిందటి పేజీలన్నీ రోజూ కొత్తవే.

ఇక ఆవర్జా. మీ ప్రశ్నలో మీరే రాశారు, మీకు కావలసినవి నాలుగని: రోజుకు ఎన్ని వ్యూలు, ఏ పేజీలు బాగా చదువుతున్నారు, ఎక్కడినుంచి వస్తున్నారు, ఏడాది మీద ఏడాది పెరుగుతున్నామా. వీటికి మూడు చిన్న టేబుళ్లు సరిపోతాయి. రోజు, మొత్తం వ్యూలు, యునిక్‌లు (ఎన్ని పేజీలు చూసినా ఒక్కరిగానే లెక్కపెట్టిన విజిటర్లు) ఉండేది ఒకటి. రోజు, పేజీ, వ్యూలు ఉండేది రెండోది. రోజు, రెఫరర్ డొమైన్, వ్యూలు ఉండేది మూడోది. రోజుకు 800 వేర్వేరు పేజీలు చదివారనుకుంటే రెండో టేబుల్‌లో ఏడాదికి మూడు లక్షల రికార్డుల లోపే. చిట్టాలో అదే ఏడాదికి కోటీ నలభై ఆరు లక్షలు. ఆవర్జాను జీవితాంతం ఉంచుకున్నా బరువనిపించదు.

రాత్రి పన్నెండు దాటాక ఒక క్రాన్ జాబ్ (సర్వర్‌లో వేళకు దానంతటదే నడిచే పని) నిన్నటి చిట్టా చదివి ఇందులోకి ఎక్కించాలి. ఇక్కడ అందరూ చేసే తప్పు పాత సంఖ్యకు కొత్తది కలపడం. జాబ్ మధ్యలో ఆగిపోయి మళ్లీ నడిపితే, లేదా పొరపాటున రెండుసార్లు నడిస్తే, లెక్క రెట్టింపవుతుంది, నెల తర్వాత ఆ గుట్టలాంటి గ్రాఫ్ చూసి ఆ రోజు ఏం జరిగిందా అని మీరే తల గోక్కుంటారు. కలపకండి. ఒకే ట్రాన్సాక్షన్‌లో ఆ తేదీ రికార్డులన్నీ తీసేసి మొత్తం మళ్లీ రాయండి, అప్పుడు పదిసార్లు నడిపినా ఒకటే జవాబు వస్తుంది. ఈరోజు లెక్క కూడా కావాలంటే అదే జాబ్‌ను పది నిమిషాలకోసారి ఈరోజు తేదీతో నడపండి. టైమ్ చిట్టాలో యూటీసీలో ఉంచి, ఎక్కించేటప్పుడు మాత్రం మీ రోజు ఎప్పుడు మొదలవుతుందో ఒకసారి తేల్చుకుని దానికే కట్టుబడండి. మధ్యలో మార్చితే ఒక రోజు పొట్టిదో పొడుగుదో అవుతుంది.

ఎక్కించే ముందు యూఆర్ఎల్‌లను కడగాలి. ఫేస్‌బుక్ నుంచి వచ్చిన లింక్‌కు ఎఫ్‌బీక్లిడ్ అని, గూగుల్ యాడ్స్ నుంచి వచ్చినదానికి జీక్లిడ్ అని, మనమే పెట్టుకున్న ప్రచారాలకు యూటీఎం అని తోకలు తగిలి ఉంటాయి. తోకతో సహా లెక్కపెడితే ఒకే పేజీ వేల పేజీలుగా చీలిపోయి, బాగా చదివే పేజీల జాబితాలో అసలైనది ఎక్కడో అడుగున పడుతుంది. క్వెశ్చన్ మార్క్ తర్వాతిదంతా కోసేసి, నిజంగా పేజీని మార్చే ఒకటి రెండు పారామీటర్లు మాత్రం ఉంచండి. చివరి స్లాష్ ఉన్నదీ లేనిదీ కూడా ఒకటి చేయండి.

యునిక్ విజిటర్ల దగ్గర కాస్త ఆగాలి, ఎందుకంటే ఇది మామూలు కూడికకు లొంగదు. ఒకే మనిషి సోమ, మంగళ, బుధ వారాలు మూడు రోజులూ వచ్చాడనుకోండి. రోజువారీ యునిక్‌లు కూడితే ముగ్గురు, వారానికి చూస్తే ఒక్కడే. కాబట్టి రోజు సంఖ్యలు మాత్రమే దాచుకుని చిట్టా తీసేస్తే నెల యునిక్ ఎంతన్నది ఇక ఎవరూ చెప్పలేరు. వ్యూలు కూడితే సరిపోతాయి, మనుషులు కూడితే సరిపోరు. నెల యునిక్ మీకు నిజంగా కావాలా అన్నది ముందే తేల్చుకోవాలి.

కావాలంటే, నెల, విజిటర్ హ్యాష్ (ఆ విజిటర్‌కు బదులు నిలబడే కోడ్, దాని సంగతి కింద చెప్తాను) అనే రెండు కాలమ్‌లతో ఒక టేబుల్ పెట్టి రెండూ కలిపి ప్రైమరీ కీ చేయండి, ఇన్సర్ట్ ఇగ్నోర్ వాడండి, నెలాఖరున లెక్క తీసి ఖాళీ చేసేయండి. మీ సైజుకు ఇంతకన్నా తెలివి అక్కర్లేదు. ట్రాఫిక్ కోట్లలోకి వెళ్తే రెడిస్ అనే మెమరీ డేటాబేస్‌లో హైపర్‌లాగ్‌లాగ్ అనే అంచనా పద్ధతి ఉంది: ఎన్ని కోట్లమంది వచ్చినా ఒక్కో లెక్కకు గరిష్ఠంగా 12 కేబీ మాత్రమే తింటుంది, బదులుగా 0.81 శాతం అటూ ఇటూ చెప్తుంది, రోజులవి కలిపితే నెలది కూడా వచ్చేస్తుంది.

హ్యాష్ ఎలా చేస్తారన్నది మరో తిరకాసు. ఐపీ ఒక్కదాన్నే హ్యాష్ చేసి "ఎవరో తెలియకుండా దాచాం" అనుకునేవాళ్లను చాలామందిని చూశాను. ఐపీవీ4 చిరునామాలు మొత్తం కలిపి 430 కోట్ల లోపే, అన్నిటినీ వరసగా హ్యాష్ చేసి పోల్చేయడం ఈ రోజుల్లో పెద్ద పనేం కాదు. అందుకని ఐపీకి, యూజర్ ఏజెంట్‌కు ఒక రహస్య సాల్ట్ (ఎవరికీ తెలియని అక్షరాల వరస) కలిపి హ్యాష్ చేసి, ఆ సాల్ట్‌ను రోజూ రాత్రి పారేయాలి. ప్లాసిబుల్ అనే అనలిటిక్స్ చేసేది ఇదే. కానీ రోజూ సాల్ట్ మారితే నిన్నటి మనిషి ఇవాళ కొత్త మనిషి అవుతాడు, నెల యునిక్ మళ్లీ గల్లంతు, అప్పుడు హైపర్‌లాగ్‌లాగ్ ఉన్నా ఒరిగేదేమీ లేదు. నెలకోసారి మార్చే సాల్ట్ మధ్యే మార్గం. ఏం చేసినా ఈ సంఖ్య అంచనాయే: ఒకే మొబైల్ నెట్‌వర్క్‌లో వందలమంది ఒకే ఐపీ వెనక ఉంటారు, ఒకే మనిషి ఉదయం వైఫైలో, మధ్యాహ్నం ఫోన్ డేటాలో ఇద్దరిలా కనపడతాడు.

బాట్‌ల (మనుషుల బదులు పేజీలు అడిగే ప్రోగ్రామ్‌ల) సంగతి. మీ 40,000లో ఎంతమంది మనుషులో మీకు తెలియదు, ఇప్పటి పద్ధతిలో తెలిసే దారి కూడా లేదు. లాగ్‌లో వర్డ్‌ప్రెస్ లాగిన్ పేజీ కోసం రోజూ వచ్చే వరసలు చూడండి, మీది వర్డ్‌ప్రెస్ కాకపోయినా వస్తాయి. యూజర్ ఏజెంట్‌లో బాట్, క్రాలర్, స్పైడర్, కర్ల్, పైథాన్ అని ఉన్నవి, హెడ్ రిక్వెస్ట్‌లు (పేజీ అక్కర్లేకుండా దాని వివరాలు మాత్రమే అడిగేవి), 404లు (లేని పేజీలు) పక్కకు తీస్తే మొదటి పొర పోతుంది. క్రోమ్ వేషం వేసుకుని వచ్చేవి ఇంకా మిగులుతాయి, అవి ఒకే ఐపీ నుంచి నిమిషానికి ఎన్ని పేజీలు అడుగుతున్నాయో చూస్తే కొంత దొరుకుతాయి. చిట్టాలోంచి మాత్రం చెరపకండి, ఆవర్జాలో బాట్ వ్యూలని విడిగా ఒక కాలమ్ పెట్టండి, రేపు నియమం మారిస్తే మళ్లీ లెక్కించుకోవచ్చు. జావాస్క్రిప్ట్ పద్ధతిలో బాట్‌లు చాలావరకు వాటంతటవే రాలిపోతాయి, కానీ యాడ్ బ్లాకర్లు పెట్టుకున్న నిజమైన మనుషులు కూడా రాలిపోతారు. అందుకే లాగ్ సంఖ్య, బీకన్ సంఖ్య, గూగుల్ సంఖ్య ఎప్పటికీ కలవవు. వాటిని కలపాలని వారాలు పోగొట్టుకున్నవాళ్లలో నేనూ ఒకణ్ణి. ఏదో ఒకటి ఎంచుకుని అది పెరుగుతోందా తగ్గుతోందా అన్నది మాత్రమే చూడండి.

ఎంతకాలం ఉంచాలి అన్నారు. చిట్టా 30 రోజులు, మరీ అయితే 90. దాడులు, తప్పులు వెతకడానికి అది చాలు. యూరప్ నుంచి చదివేవాళ్లుంటే 2018 మే 25 నుంచి అమల్లో ఉన్న జీడీపీఆర్ ఐపీని కూడా వ్యక్తిగత సమాచారంగానే చూస్తుంది, అవసరం తీరాక ఉంచుకోవడానికి మీ దగ్గర కారణం ఉండాలి. ఐపీ కన్నా ఎక్కువగా నన్ను భయపెట్టేది యూఆర్ఎల్. పాస్‌వర్డ్ మార్చుకునే లింకులోని టోకెన్, ఫారం పొరపాటున గెట్ పద్ధతిలో (యూఆర్ఎల్‌లోనే పెట్టి) పంపిన ఈమెయిల్, ఇవన్నీ చక్కగా లాగ్‌లో అచ్చవుతాయి. ఒకసారి మీ లాగ్‌లో ఎట్ గుర్తు కోసం వెతికి చూడండి, ఏం కనపడుతుందో. లెక్కల పేజీని కూడా పాస్‌వర్డ్ లేకుండా వదలకండి: రెఫరర్ల జాబితా బయటికి కనపడితే, అందులో తమ లింకు రావాలని దొంగ రెఫరర్లతో వేలసార్లు తట్టే స్పామర్లు తయారవుతారు.

గూగుల్ అనలిటిక్స్ పెట్టుకోవడం తప్పేం కాదు, ప్రచారాలు, యాడ్స్ లెక్కలకు అది పనికొస్తుంది. కాకపోతే ఉన్న ఒక్క చిట్టా అక్కడే ఉండనివ్వకండి. పాత యూనివర్సల్ అనలిటిక్స్ 2023 జూలై 1న కొత్త డేటా తీసుకోవడం ఆపేసింది, ఆ తర్వాత ఏడాదికి పాత రిపోర్టులు కూడా మూతపడ్డాయి, ఎగుమతి చేసుకోనివాళ్లకు ఏళ్ల తరబడి లెక్కలు పోయాయి. దాని బదులు వచ్చిన జీఏ4లో ఉచిత ఖాతాకు యూజర్ స్థాయి డేటా 2 నెలలో 14 నెలలో మాత్రమే ఉంటుంది, మీరు మార్చకుండా వదిలేస్తే 2 నెలలే. అది పెట్టినా మీ మూడు చిన్న టేబుళ్లు మీ దగ్గర ఉండాల్సిందే.

సొంతంగా కోడ్ రాయడం ఇష్టం లేకపోతే మటోమో (పాత పేరు పీవిక్) అనే రెడీమేడ్ అనలిటిక్స్ సాఫ్ట్‌వేర్ చూడండి, అదీ పీహెచ్‌పీ, మైఎస్‌క్యూఎల్ మీదే నడుస్తుంది, సర్వర్ లాగ్‌లను కూడా మింగించవచ్చు. దాని లోపల చూసినా ముడి వరసలకు లాగ్ టేబుళ్లు, తయారైన రిపోర్టులకు ఆర్కైవ్ టేబుళ్లు వేరు వేరుగా ఉంటాయి. పెట్టగానే ఆర్కైవింగ్‌ను క్రాన్‌కు మార్చండి, లేకపోతే రిపోర్టు తెరిచినప్పుడు లెక్కపెడుతూ మీ ఇప్పటి చక్రాన్నే మళ్లీ చూపిస్తుంది. ఊరికే ఒకసారి లాగ్‌లో ఏముందో చూడాలంటే గోయాక్సెస్ అనే ప్రోగ్రామ్ చాలు, ఫైల్ ఇస్తే హెచ్‌టీఎంఎల్ పేజీ చేసిస్తుంది. క్లిక్‌హౌస్ అనే డేటాబేస్ అద్భుతంగా ఉంటుంది, యాండెక్స్ వాళ్లు తమ అనలిటిక్స్ సర్వీసు మెట్రికా కోసం కట్టుకున్నదే అది, కానీ 40,000 వ్యూలకు అది పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం. ఒకే ఫైల్‌లో ఉండే డేటాబేస్ ఎస్‌క్యూలైట్ వాడొచ్చు, ఒకేసారి ఒక్కరే రాయగలరు కాబట్టి వాల్ మోడ్ (మార్పులను ముందు వేరే ఫైల్‌లో రాసుకునే పద్ధతి) పెట్టి, లాక్ కోసం కొంచెం ఆగేలా టైమౌట్ ఇవ్వండి.

ఇప్పుడు మీ దగ్గరున్న కోటి రికార్డుల సంగతి. వాటిని నేరుగా డిలీట్ కొట్టకండి. మైఎస్‌క్యూఎల్ టేబుళ్లను దాచే ఇన్నోడీబీలో డిలీట్ చేసినంత మాత్రాన ఫైల్ సైజు తగ్గదు, పైగా గంటల తరబడి నడిచి సైటును ఏడిపిస్తుంది. ముందు మూడు ఆవర్జా టేబుళ్లు చేసి, రోజుకొకటి చొప్పున ఎనిమిది నెలలూ ఎక్కించండి, ఒకేసారి మొత్తం గ్రూప్ బై కొట్టకుండా. టైమ్ కాలమ్ మీద ఇండెక్స్ లేకపోతే ముందు అది వేయండి, లేదంటే ఒక్కో రోజుకూ మొత్తం టేబుల్ తిరుగుతుంది. తర్వాత యాదృచ్ఛికంగా నాలుగైదు తేదీలు తీసుకుని పాత టేబుల్ నుంచి నేరుగా లెక్కపెట్టి పోల్చండి. సరిపోతే పాత టేబుల్ పేరు మార్చి పక్కన పెట్టి, అదే పేరుతో కొత్త ఖాళీ టేబుల్ పెట్టండి. రీనేమ్ ఒకే కమాండ్‌లో రెండూ చేస్తుంది, మధ్యలో ఒక్క వ్యూ కూడా జారిపోదు. కొత్తదాన్ని నెలవారీ పార్టిషన్లతో (ఒక్కో నెల ఒక్కో ముక్కగా) చేస్తే పాత నెల తీసేయడం క్షణాల పని, అయితే మైఎస్‌క్యూఎల్‌లో పార్టిషన్ చేసే కాలమ్ ప్రైమరీ కీలో కూడా ఉండాలి, ఐడీ ఒక్కటే ఉంటే ఒప్పుకోదు. పక్కన పెట్టిన పాత టేబుల్‌ను ఒక నెల అలాగే ఉంచి, ఎవరూ దేనికోసమూ అడగకపోతే అప్పుడు డ్రాప్ చేసేయండి.